కామరాజుని సముద్రం తినలేదు

పేట బళ్లో మేస్టర్ని గానీ, ఎల్లారావు సంగతి ఎత్తితే నాకు నోరాగదు. మా జాలార్ల పేటలో తెప్ప నడిపేవోడు. వాడు నవ్వితే పక్క వీధిలో కుక్కలు లేచేవి! తొంభై నాలుగులో ఆ నవ్వు పోయింది.

ఆ ఏడు ఏదో దొంగతనమని పోలీసులు కామరాజుని అట్టుకెళ్లారు. ఎల్లారావు తెప్పెక్కేవోడే వాడూ. దెబ్బలకి స్టేషన్లోనే చచ్చిపోయాడు. శవాన్ని ఒడ్డున పడేసి, పేట పెద్ద వీరన్నని పిలిచి, వదిలేసాక వేటకెళ్లి సముద్రంలో పోయాడని చెప్పించమన్నారు.

"నీ తెప్ప మీంచి జారిపోయాడని సెప్పీరా" అన్నాడు వీరన్న ఎల్లారావుతో.

"ఒళ్లంతా దెబ్బలు కనపడతన్నాయి గదా బావా!"

"రాళ్లకి కొట్టుకున్నాడను. లేపోతే రేపు నీ తమ్ముణ్ణి అట్టుకెళ్తారు."

ఎల్లారావు అందరికీ అలాగే చెప్పీసాడు.

మరి మా పేటలో ఓ కట్టుబాటుంది. తెప్ప మీద పోయినోడి వాటా ఆగదు. పిల్లలు చేతికొచ్చేదాకా ఆ తెప్పోళ్లే వాడి పెళ్లానికి చేపలెయ్యాలి. అబద్ధమాడినప్పుడు ఎల్లారావుకది తట్టనేలేదు. ఇక రోజూ కామరాజు పెళ్లాం సూర్యకళ తట్ట పట్టుకుని ఒడ్డున నిలబడేది.

"నువ్వు లేపోతే నా పిల్లలేటైపోదురు మరిదీ" అనేది.

వాడు మంచి చేపలే ఏరి వేసేవోడు గానీ, ఆవిడ మొహంకేసి చూసేవోడు కాదు.

రెండువేల నాలుగులో సీతమ్మధార నుంచి అనూరాధ అనే లాయరమ్మ ఒడ్డుకొచ్చింది. కామరాజుని అట్టుకెళ్లిన ఇనస్పెక్టరు చేతిలోనే ఇంకోడు పోయాడట. పాత చావులన్నీ అడుగుతోంది.

"మా ఆయన సముద్రంలో పోయాడమ్మా. మా మరిదే సూసాడు, అడుగు" అంది సూర్యకళ.

అందరం వాడికేసి తిరిగాం. చేతిలో చేప చేతిలోనే ఉంది.

"నాను సూళ్లేదొదినా. ఆడు ఆయేల తెప్పెక్కనేలేదు. పోలీసులే సంపీసారు."

సూర్యకళ తట్ట ఇసకలో బోర్లించేసింది.

"పదేళ్లు నాసేత సముద్రాన్ని తిట్టించావు గదరా! పద, ఈ మాట జడ్జీ కాడ సెప్పు."

కోర్టులో ఇనస్పెక్టరు తరపు లాయరు తగులుకున్నాడు.

"అప్పుడబద్ధం, ఇప్పుడు నిజమా? ఎలా నమ్మేది?"

"అప్పుడు బయ్యం బాబూ. ఇప్పుడు సిగ్గు. దీన్తో బతకలేకపోతన్నాను."

ఇనస్పెక్టరు మీద హత్య కేసు కట్టమన్నాడు జడ్జీ. పేటోళ్లు ఎల్లారావు భుజం తట్టబోతే విదిలించుకున్నాడు. సూర్యకళ వాడితో మాటాడకుండా బస్సెక్కేసింది.

"సీటుందిరా, రా" అన్నాను నేను.

"ఆవిడుంది గదండి మేస్టారూ" అని, ఎండలో నడుచుకుంటూ పోయాడు.