సెకన్ల ముల్లు చేసిన తప్పు

సభలో మాట్లాడేవాళ్లు మూడొందల మంది. వాళ్ల పేర్లు ఊరూరా తెలుసు. వాళ్ల మాటలు రాసే రిపోర్టర్లు ఆరుగురు. వీళ్ల పేర్లు జీతాల గుమస్తాకు తప్ప ఇంకెవరికీ తెలియవు. ఆ ఆరుగురిలో ఒకావిడకు తోటివాళ్లు సెకన్ల ముల్లు అని పేరు పెట్టారు. గడియారంలో మిగతా రెండు ముళ్లూ కదిలినట్టే కనపడవు, అది మాత్రం ఒక్క క్షణం ఆగదు కదా, అందుకని. ఎదురుగా అంటే ఊరుకునేది కాదు. చాటుగా అంటే మాత్రం విననట్టు నటించి లోపల మురిసిపోయేది.

పని చూస్తే చిన్నదే. సభ మధ్యలో, అధ్యక్షుడి ఎత్తు కుర్చీ కింద ఒక బల్ల ఉంటుంది. అక్కడ ఐదు నిమిషాలు కూర్చుని ఎవరేమంటే అది షార్ట్‌హ్యాండులో రాయాలి. ఐదో నిమిషం పూర్తయ్యేసరికి ఇంకొకరు వచ్చి పక్కన కూర్చుంటారు. ఈవిడ లేచి మేడమీది గదికి పోయి, రాసిన గీతలన్నిటినీ మామూలు మాటల్లోకి దింపి టైపు కొట్టాలి. బల్ల దగ్గర ఉన్నంతసేపూ తల ఎత్తకూడదు, నవ్వకూడదు. సభ్యులు బల్లలు చరిచినా, కేకలు వేసినా బ్రాకెట్లో ఆ ముక్క రాయాలి. అప్పటికి సభలో మైకులే గానీ టేపులు లేవు. ఆ ఆరుగురి చేతులు రాసిందే జరిగినట్టు, రాయనిది జరగనట్టు.

ఏడాదికోసారి అచ్చయ్యే సంపుటం చివర తప్పొప్పుల పట్టిక ఉంటుంది. ఇరవై ఆరేళ్లలో ఆ పట్టికలోకి ఈవిడ రాసిన పేజీ ఒక్కటీ ఎక్కలేదు. ఈ సంగతి చుట్టాలందరికీ కంఠతా వచ్చు. ఆడపడుచైతే ఆ కథ మొదలవగానే పొయ్యి మీద ఏదో మాడుతోందని లేచి వెళ్లిపోయేది. వచ్చే నెల పెద్ద రిపోర్టరు పదవీ విరమణ. ఆ కుర్చీ సెకన్ల ముల్లుదేనని గదిలో అందరూ ఎప్పుడో ఒప్పేసుకున్నారు.

ఇక లెక్కల మాస్టారి సంగతి చెప్పాలి. ఆయన సభ్యుడు కాకముందు బడిలో లెక్కలు చెప్పేవాడు, అందుకే ఆ పేరు. పద్దెనిమిదేళ్లుగా సభలో ఉన్నాడు. ఎన్ని ప్రభుత్వాలు మారినా ఆయన మాట్లాడేది రెండే విషయాలు. ఒకటి దేశం రాబడి ఎటు పోతోందని, రెండోది పిల్లల చదువు ఎటు పోతోందని. వేరే విషయం వస్తే కునుకు తీసేవాడు. ఆ రెండిట్లో ఏదొచ్చినా కళ్లజోడు తుడుచుకుని లేచేవాడు. సొంత పార్టీ అధికారంలో ఉన్నా మొహమాటపడేవాడు కాదు. ఆయన ప్రసంగాలన్నీ కలిపితే నాలుగు సంపుటాలవుతాయి, అందులో సగం ఈవిడ చెయ్యే. పెళ్లాం పిల్లలకు కూడా ఆయన మాట అంత తెలిసుండదు. "పద్దు పెరిగింది గానీ బడి పెరగలేదు" అంటాడని ఆయన నోరు తెరవకముందే ఈవిడకు తెలిసిపోయేది.

అలా మళ్లీ మళ్లీ వచ్చే వాక్యాలకు ఆవిడ ఒక్కోదానికి ఒక్కో గీత పెట్టుకుంది. అందులో మోసమేమీ లేదు, వేగంగా రాసేవాళ్లందరూ చేసేదే. "పిల్లలు తక్కువున్నారని బడి మూయకూడదు" అనేది ఆయనకు ప్రాణం లాంటి వాక్యం. దానికి ఆవిడ చివర కొక్కెం ఉన్న ఒక పొట్టి గీత పెట్టుకుంది. ఆయన ఆ వాక్యం చెప్పడం పూర్తయ్యేలోపు ఈవిడ పెన్సిలు దాన్ని దాటి ముందుకు పోయుండేది.

ఒక మంగళవారం మేడమీది గదిలోకి ఒక టీచరమ్మ వచ్చింది. చేతిలో చుట్టచుట్టిన అచ్చు కాపీ ఉంది. బస్సులో వచ్చినట్టుంది, చీర కుచ్చెళ్లు నలిగిపోయాయి.

"అమ్మా, పదో తారీకున లెక్కల మాస్టారి ఉపన్యాసం రాసింది మీరేనా?"

"నేనే. ఏం?"

"ఇరవైమంది కంటే తక్కువ పిల్లలున్న బడులు మూసెయ్యాలని ఆయన అన్నారమ్మా. నేను పైన గ్యాలరీలో కూర్చుని ఈ చెవుల్తో విన్నాను. మా బడిలో ఉన్నది పదిహేడుమంది. ఊళ్లోకి పోయి పిల్లల తల్లులకు అదే చెప్పాను. మర్నాడు వాళ్లు ఆయన కారు ఆపి అడిగారు. ఇప్పుడేమో నేను లేనిపోనిది పుట్టించానని నన్ను పనిలోంచి ఆపేశారు. శుక్రవారం విచారణ. ఆయన అన్నట్టు రుజువుంటే తెమ్మన్నారు. డబ్బు కట్టి ఈ కాపీ తీసుకుంటే, ఇందులో మూయకూడదని ఉంది."

"మరి మూయకూడదనే అనుంటారు. పద్దెనిమిదేళ్లుగా ఆయన అంటున్నది అదే."

"ఈసారి అలా అనలేదమ్మా."

సెకన్ల ముల్లుకు ఒళ్లు మండింది. బీరువా తీసి ఆ రోజు నోటుపుస్తకం బయటపెట్టింది. కొక్కెం గీత మీద వేలుపెట్టి చూపించింది. "ఇదిగో. నా చెయ్యి అబద్ధం రాయదు. ఇరవై ఆరేళ్లుగా ఒక్క తప్పు లేదు."

టీచరమ్మ ఆ గీతవంక చాలాసేపు చూసింది. అందులో ఆమెకేం తెలుస్తుంది? "మీ చెయ్యి నిజమైతే నేను అబద్ధాలకోరునేనమ్మా," అని నెమ్మదిగా చెప్పి, కాపీని మళ్లీ చుట్టచుట్టుకుని మెట్లు దిగి వెళ్లిపోయింది.

గెలిచాననుకుని కూర్చుంది గానీ ఆ పూట టైపు కొడుతుంటే అక్షరాలు తప్పుతూనే ఉన్నాయి.

ఇంటికి వెళ్లేసరికి ముందుగదిలో భర్త కుట్టుమిషను ముందు తల పట్టుకుని కూర్చున్నాడు. ఒళ్లో కొత్త చొక్కా ఉంది. ఆయన దర్జీ, నోరు మాత్రం ప్లీడరుది.

"ఏమైందండీ?"

"మందుల షాపాయన చొక్కా. వేసుకుంటే గుండీకీ కాజాకీ మధ్య జానెడు దూరం. పన్నెండేళ్లుగా కుడుతున్నాను కదా, ఆయన కొలత నా చేతికొచ్చేసింది. టేపు పెట్టకుండానే కత్తెర వేశాను. ఆయన పొట్ట నాకు చెప్పి పెరగదు కదే."

మామూలుగా అయితే ఆవిడ పడీపడీ నవ్వేది. ఆ రోజు నవ్వలేదు. చేతిసంచి కింద పెట్టడం మర్చిపోయి గుమ్మంలోనే నిలబడింది.

"కత్తిరించేటప్పుడు తెలియలేదా మీకు?"

"ఎలా తెలుస్తుంది? చెయ్యి దాని దారిన అది పోయింది. నేను రేడియో వింటున్నాను."

"మరి ఆయనతో ఏమన్నారు?"

"ఏమంటాను? తప్పు నాది, మళ్లీ కుట్టి ఇస్తానన్నాను. ఏం, అలా తెల్లబోయావేం?"

మర్నాడు అందరికంటే ముందు ఆఫీసుకు పోయి మళ్లీ నోటుపుస్తకం తీసింది. కొక్కెం గీతను చూడలేదు, దాని తర్వాతున్న బ్రాకెట్లు చూసింది. "(అధికార పక్షం బల్లలు చరిచింది.)" దాని కింద, "(ప్రతిపక్షం నుంచి 'సిగ్గు సిగ్గు' కేకలు.)" రెండూ తన చెయ్యే.

బడులు మూస్తామంటున్నది అధికార పక్షం, మాస్టారి సొంత పార్టీయే. మూయకూడదని మాస్టారు ఎప్పుడన్నా వాళ్లు మొహాలు మాడ్చుకుని కూర్చునేవాళ్లు. వాళ్లే ఆయన మాటకు బల్లలు ఎందుకు చరుస్తారు? ఆయన్ను చూసి ప్రతిపక్షం సిగ్గు అని ఎందుకు అరుస్తుంది? ఈ రెండు బ్రాకెట్లనూ తానే రాసింది, తానే టైపు కొట్టింది, అప్పుడైనా ఇసుమంత అనుమానం రాలేదు. ఆయన నోరు తెరవగానే పెన్సిలు పాత గీత గీసేసి ముందుకు పోయింది. ఆ టీచరమ్మతో తానన్న మాట గుర్తొచ్చి, ఎవరూ లేని గదిలో సిగ్గుతో కళ్లు మూసుకుంది.

పెద్ద రిపోర్టరు రాగానే తలుపు దగ్గరగా వేసి సంగతంతా చెప్పింది. ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు.

"టైపు ప్రతి మాస్టారికి పంపామా?"

"పంపామండి. మూడురోజుల గడువులో చదివి సంతకం పెట్టి పంపారు. ఒక్క అక్షరం దిద్దలేదు."

"మాట్లాడినవాడే సంతకం పెట్టాక నీకెందుకమ్మా ఈ గోల? కొరివితో తల గోక్కుంటానంటావేం? తప్పు నాదని నువ్వు కాగితం పెడితే అధ్యక్షుడు దాన్ని సభలో చదువుతాడు. ఆయన్ను నిలబెట్టి అడుగుతాడు. ఆయన అనలేదన్నాడనుకో, నీ గతేంటి? అన్నానన్నాడే అనుకో, నేను ఖాళీ చేసే కుర్చీలో తప్పు రాసినావిడను ఎవరు కూర్చోబెడతారు?"

"శుక్రవారం ఆ టీచరమ్మ ఉద్యోగం పోతుందండి."

"లోకంలో రోజూ ఎవరిదో ఒకరిది పోతూనే ఉంటుంది," అని ఆయన కాగితాలు సర్దుకున్నాడు. చెడ్డవాడేం కాదు, భయస్థుడు.

మధ్యాహ్నం విరామంలో లెక్కల మాస్టారి గదికి వెళ్లింది. పద్దెనిమిదేళ్లలో ఆయన ఎదురుగా నిలబడి మాట్లాడటం అదే మొదలు. గుర్తుపట్టడానికి ఆయనకు కాస్త సమయం పట్టింది. ఆయన ఎప్పుడూ చూసింది ఈవిడ పాపిడినే కదా. విషయం చెబితే ఆయన ఆశ్చర్యపోలేదు. కళ్లజోడు తీసి తుడవడం మొదలుపెట్టాడు.

"కూర్చో అమ్మా. ఆ రోజు పొద్దున పార్టీవాళ్లు పిలిచారు. ఈసారి నువ్వు అడ్డు చెబితే మీ వైపు కాలేజీ రాదన్నారు. పోనీ కాలేజీ కోసం నాలుగు చిన్న బడులు వదులుకుందాం, లెక్క సరిపోతుందనుకున్నాను. మర్నాడు నా కారు ముందు పిల్లల్ని చంకనేసుకుని నిలబడ్డ ఆడవాళ్లను చూశాక లెక్క తప్పిందని తెలిసింది. ఇంటికెళితే నీ కాగితం వచ్చుంది. చదివితే నేను అనాల్సిన మాటే అందులో ఉంది. దేవుడే రాయించాడనుకుని సంతకం పెట్టేశాను."

"దేవుడు కాదండీ. అలవాటు."

ఆయన నవ్వబోయి మానుకున్నాడు. "ఏదైతేనేం. ఇప్పుడది రికార్డు. దాన్ని పట్టుకుని రేపు నేను ఆ బడుల కోసం కొట్లాడొచ్చు. నువ్వు కదిపితే అదీ పోతుంది. ఆ టీచరమ్మకు ఇంకెక్కడైనా పని చూపిస్తాలే."

ఆ మాటకు సెకన్ల ముల్లు మనసు ఒక్క నిమిషం ఊగింది. ఊగలేదంటే అబద్ధం. బడులు నిలుస్తాయి, కుర్చీ వస్తుంది, పెద్దమనిషి పరువు దక్కుతుంది. ఇన్ని మంచిపనులు చేసే తప్పును దిద్దడం ఎందుకు అనిపించింది.

"ఆవిడ పని అడగడానికి రాలేదండీ," అంది చివరికి. "విన్నది విన్నట్టు చెప్పింది. నేనే చెప్పలేకపోయాను. ఆవిడను అబద్ధాలకోరు చేసి నేను నిజాయితీపరురాలిగా కుర్చీ ఎక్కలేను."

"నన్ను సభలో అడుగుతారు. అనలేదంటాను. అప్పుడేం చేస్తావు?"

"అనలేదన్నారని రాస్తానండి."

ఆవిడ పైకి వచ్చి నాలుగు వాక్యాలు టైపు కొట్టింది. పేజీ, పంక్తి, అచ్చయినది ఏమిటి, అన్నది ఏమిటి. కింద "ఈ పొరపాటు నాది" అని సంతకం చేసింది. పెద్ద రిపోర్టరు దాన్ని రెండుసార్లు చదివి, "ఇక ఆ కుర్చీ మర్చిపో," అని ముద్ర వేసి కిందికి పంపాడు.

గురువారం సభ నిండుగా ఉంది. వంతుల పట్టిక మార్చమని అడగొచ్చు, ఆవిడ అడగలేదు. బల్ల దగ్గరికి వస్తూ ఓరకంటితో చూస్తే గ్యాలరీలో రెండో వరసలో టీచరమ్మ కనపడింది. ఆ తర్వాత తల దించుకుంది, ఇక ఎత్తడానికి లేదు.

అధ్యక్షుడు కాగితం చదివాడు. తన వాక్యాలే తన నెత్తిమీది నుంచి వినపడుతుంటే తానే వాటిని మళ్లీ రాసుకుంది. "సభ్యులు ఆ రోజు బడులు మూయాలని అన్నారా?" అని అధ్యక్షుడు అడిగాడు. కుర్చీ జరిగిన చప్పుడయింది. ఆయన లేచాడు.

ఆ రోజు ఒక్క పొట్టి గీత కూడా వాడకూడదని ఆవిడ ఒట్టు పెట్టుకుంది. ఎంత తెలిసిన మాటైనా విన్నాకే రాయాలి, పూర్తిగా రాయాలి. మాస్టారు మాట్లాడటం లేదు. మౌనానికి షార్ట్‌హ్యాండులో గుర్తు లేదు. పెన్సిలు మొన కాగితానికి ఆనించి అలాగే కూర్చుంది. లేదంటే లేదనే రాయాలి, ఇంకేమీ చేయడానికి లేదు.

"అధ్యక్షా, అన్నాను," అన్నాడాయన.

రాసింది.

"బడులు మూయాలనే అన్నాను. అచ్చులో మూయకూడదని ఉంటే చూశాను. చూసి, కావాలనే ఊరుకున్నాను. రాసినామెది పొరపాటు. నాది పొరపాటు కాదు. నా వల్ల ఒక టీచరు మాట పడింది, ఆమెను క్షమాపణ అడుగుతున్నాను."

చెయ్యి వెనకబడుతోంది. కళ్లలో నీళ్లు తిరిగి గీతలు అలుక్కుపోయినట్టు కనపడుతున్నాయి. తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు.

"ఇక ఇవాళ నా మాట వేరే చెబుతున్నాను, సరిగ్గా రాసుకోండి," అని ఆయన ఆగాడు. "పిల్లలు తక్కువున్నారని..."

కొక్కెం గీత చేతిలోకి వచ్చేసింది. పళ్ల బిగువున పెన్సిలు ఆపింది. ఆయన తర్వాతి మాట అనేదాకా ఆగి, ఒక్కొక్క మాటే విని, ఒక్కొక్కటే రాసింది. బడి. మూయకూడదు.

అధికార పక్షం ఒక్కసారిగా లేచి అరవడం మొదలుపెట్టింది. ఆవిడ బ్రాకెట్లో "గందరగోళం" అని రాసింది. అప్పటికి ఐదు నిమిషాలూ అయ్యాయి. పక్కన తర్వాతి రిపోర్టరు వచ్చి కూర్చున్నాడు. తల ఎత్తకుండానే లేచి, నోటుపుస్తకం గుండెకు ఆనించుకుని, టైపు కొట్టడానికి పైకి వెళ్లింది.