నాకు ప్రార్థన రాదమ్మా

మా సంఘంలో చాయ్ తాగాలన్నా ప్రార్థన కావాలి. అది తప్పని అనను, చిన్నప్పటి నుంచి అలవాటైన పనే. కానీ ఆ ప్రార్థన ఎవరో ఒకరు చెయ్యాలి కదా. ట్రే వస్తుంది, అందరూ కప్పులు అందుకుంటారు, తలలు వంచుతారు, వంచిన తలల్లోంచే కళ్లెత్తి నా వైపు చూస్తారు. నేను నోరు తెరిచేదాకా చాయ్ మీద మీగడ కట్టినా ఎవరూ ముట్టరు. ఒకసారి గొంతు పట్టేసి మాట రాక, పక్కన కూర్చున్నాయనకు సైగ చేశాను. ఆయన తన పక్కాయనకు సైగ చేశాడు. ఆ సైగ గదంతా ఒక చుట్టు తిరిగి మళ్లీ నా దగ్గరికే వచ్చింది. చివరికి బొంగురు గొంతుతో నేనే చేశాను. చల్లారిన చాయ్ అందరం తాగాం.

నేను పాస్టర్ని కాను, పాస్టర్ భార్యనూ కాను. సైదాబాద్‌లో ఒక ప్రభుత్వ ఆఫీసులో పనిచేస్తాను. ఇల్లు ఛత్రినాకలో. మార్కెట్ వెనక గల్లీలో రేకుల కప్పుతో ఉన్న చిన్న చర్చి మాది. వెల్డింగ్ చేసేవాళ్లు, డ్రైవర్లు, బడుల్లో ఆయాలు, నాలాంటి గుమాస్తాలు, అంతే మా సంఘం.

పాస్టర్‌ని మా వైపు అయ్యగారంటాం. మా అయ్యగారికి కొన్నేళ్ల కింద బదిలీ అయింది. ఇంకొకరిని పంపిస్తామన్నారు పైవాళ్లు. ఇప్పటికీ పంపిస్తామనే అంటున్నారు. అంతవరకు వేరే అయ్యగారికి మా సంఘాన్ని కూడా అప్పజెప్పారు. పాపం, ఆయన నెత్తిన ముందే మూడు సంఘాలున్నాయి. నెలకో ఆదివారం బండి మీద వస్తారు. సంచిలోంచి తెల్ల అంగీ తీసి తొడుక్కుంటారు, ప్రభు బల్ల రొట్టె, ద్రాక్షరసం అందరికీ ఇస్తారు, అంగీ మడిచి సంచిలో పెట్టుకుని ఇంకో చర్చికి బండి తిప్పుతారు. ఆయన కళ్ల కింద నలుపు చూస్తే కోపం కూడా రాదు. ఆ బల్ల ముట్టే అధికారం అభిషేకం పొందిన ఆయనకే ఉంది, దాని గురించి నాకు పేచీ లేదు. మరి మిగతా నెలంతా ఎవరు చూడాలి? కమిటీలో ఈ ప్రశ్న వచ్చినప్పుడు లేచి నిలబడి మాట్లాడింది నేనే. నా నోరు ఊరుకోదు.

"విశ్వాసులందరూ యాజకులే అని గదా మనం నమ్మేది? మరి అయ్యగారు లేకపోతే దేవుడు కూడ బదిలీ అయిండా?" అన్నాను.

అందరూ నవ్వారు, ఆమెన్ అన్నారు. మా చర్చిలో ఇది ఏటా వినే బోధే. పాత కాలంలో మందిరం లోపల ఒక తెర ఉండేది, దాన్ని దాటి లోపలికి పోయే హక్కు ప్రధాన యాజకుడికి, అంటే పెద్ద పూజారికి, ఒక్కడికే ఉండేది. ప్రభువు సిలువ మీద ప్రాణం విడిచినప్పుడు ఆ తెర చినిగిపోయింది. ఇప్పుడు మధ్యవర్తిగా ఇంకో మనిషి అక్కర్లేదు, పొట్ట చేతపట్టుకుని బతికే కూలివాడైనా తిన్నగా దేవుడి దగ్గరికి పోవచ్చు, పక్కవాడి కోసం అడగొచ్చు. వినడానికి ఎంత బాగుంటుందో. అందుకే వంతులు పెట్టుకుందామన్నాను. ఆదివారానికొక ఇల్లు. ఆ వారం వాక్యం చెప్పడం, ప్రార్థన చెయ్యడం, జబ్బుపడ్డవాళ్లను చూడ్డం, అన్నీ ఆ ఇంటివాళ్లవే.

మొదటి వంతు వెల్డింగ్ షాపాయనది. షాపులో తెలుగు, ఉర్దూ, హిందీ కలిపి పనివాళ్లను దులిపేసే మనిషి. మైకు ముందు నిలబడేసరికి చొక్కా తడిసిపోయింది. చదవాల్సిన భాగం చదివి, "అంతే, ఇగ మీరే అర్థం జేసుకోన్రి" అని దిగిపోయాడు. నాకు ఆ ప్రసంగమే నచ్చింది. తర్వాతి వంతువాళ్లకు సరిగ్గా శనివారం జ్వరం వచ్చింది. ఆ తర్వాతి వాళ్లకు మొఘల్‌పురాలో ఫంక్షన్ తగిలింది. ఇంకో ఇంటి నుంచి, "అమ్మా, నాకు ప్రార్థన రాదమ్మా, జర మీరే కానియ్యన్రి" అని ఫోను. చూస్తుండగానే వంతులన్నీ పల్లంలోకి నీళ్లలా నా దగ్గరికి చేరాయి.

"ప్రార్థన రాదు" అనే మాట గురించి కొంచెం చెప్పాలి. మావాళ్లు దేవుణ్ణి నమ్మక అనే మాట కాదు అది. దేవుడితో మాట్లాడాలంటే పుస్తకాల తెలుగు కావాలని మావాళ్ల గట్టి నమ్మకం. "మహోన్నతుడవైన తండ్రీ" అని మొదలుపెట్టి, ఎక్కడా తడబడకుండా, "అడిగి వేడుకొనుచున్నాము" అని ముగించాలి. ఇంట్లో "ఏంది, గిట్లజేస్తివి" అనుకునే నాలుకతో ఆయన ముందుకు పోవడం మర్యాద కాదట. అయ్యగార్లు తరతరాలుగా ఆ భాషే మాట్లాడారు, మేం తరతరాలుగా ఆమెన్ అన్నాం. తెర చినిగిందని పాడతాం, పాట అయిపోగానే మా చేతులతో మేమే కుట్టేస్తాం. నాకు ఆ భాష వచ్చు. మా నాన్న దగ్గర నేర్చుకున్న విద్య అది. అదే నా మెడకు చుట్టుకుంది.

మొదట్లో బాగానే ఉండేదని ఒప్పుకోవాలి. పాస్టర్ భార్యను పిలిచినట్టు అమ్మగారూ అని పిలుస్తుంటే వొళ్లు కొంచెం పొంగేది. తర్వాత తెలిసింది అది ఎంత బరువో. బస్సులో వేలాడుతూ ఫోన్లో ప్రార్థన చేశాను, పక్కనున్నవాళ్లు నన్ను వింతగా చూస్తుండగా. ఆఫీసు మెట్ల కింద నిలబడి చేశాను. నా పక్క టేబుల్లో ఒక ముస్లిం అక్క ఉంటుంది, ఆపా అని పిలుస్తాం. రోజూ చూసి చూసి, "ఇంతమందికి చేస్తున్నవ్, నాకు కూడ జర దువా చెయ్యి, నా కోడలు మాట వింటలేదు" అని తన పేరు కూడా చేర్చింది. పుట్టినరోజుకు నేనే, చావుకు నేనే. కొత్త ఫ్రిజ్ కొంటే దాని మీద చెయ్యి పెట్టడానికీ నేనే. అందరూ పల్లకీ ఎక్కితే మోసేదెవరని సామెత. మా దగ్గర అందరూ యాజకులే, మోసేది మాత్రం నేనొక్కదాన్ని.

వీళ్లందరిలో ఎక్కువ పని పెట్టేది ఒక ముసలమ్మ. బడిలో ఆయాగా చేసి మానేసింది. మోకాళ్ల నొప్పులు. ప్రతి వారం వస్తుంది, మోకాళ్లు చూపిస్తుంది, ప్రార్థన చేయించుకుంటుంది, "ఇయ్యాల జర తేలికైంది అమ్మగారూ" అంటుంది, మళ్లీ వారం అదే నొప్పితో వస్తుంది. ఒకసారి విసుగొచ్చి, "నువ్వే చేసుకోవచ్చు గదమ్మా, దేవుడు నీ మాట వినడా?" అన్నాను. "నా మాటలేముంటయ్ బిడ్డా, వొట్టి లొల్లి" అని నవ్వింది. ముందరి పళ్లు లేని నవ్వు.

అప్పుడే మా ఆయన గుండె సంగతి బయటపడింది. మా ఆయన ఫ్యాక్టరీలో లేత్ మీద పనిచేసి రిటైరయ్యారు. చర్చిలో చివరి బెంచీ ఆయనది. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన పైకి ప్రార్థన చెయ్యగా నేను వినలేదు. మెట్లెక్కేటప్పుడు ఆయాసమొస్తోందని పరీక్షలు చేయించాం. గుండె రక్తనాళాల్లో మూడు చోట్ల అడ్డం పడింది, ఆపరేషన్ చెయ్యాలన్నారు. ఆయన ఇప్పుడు బాగానే ఉన్నారు, కూరలో ఉప్పు లేదని రోజూ నాతో తగాదా పడుతున్నారు, కాబట్టి చదివేవాళ్లు ఆ ఫికర్ పెట్టుకోనక్కర్లేదు. నేను చెప్పేది వేరే సంగతి.

డాక్టర్ ఆ మాట చెప్పిన రోజు ఇంటికొచ్చి మోకరించాను. మాట రాలేదు. ఎంతమంది గుండెల కోసం గడగడా చేసిన ప్రార్థన, నా ఇంటి దగ్గరికొచ్చేసరికి నాలుక మీద ఇసుకలా పడింది. మరుసటి రోజూ అంతే. నాకు భయమేసింది. ఆపరేషన్ భయం ఒకటైతే, నా కోసం అడిగేవాళ్లు ఈ భూమ్మీద ఒక్కరూ లేరన్న భయం ఇంకొకటి. ఎవరైనా వచ్చి మా ఇద్దరి తలల మీద చెయ్యి పెట్టి రెండు మాటలు దేవుడికి చెబితే చాలనిపించింది. ఆకలేసినట్టే అనిపించింది.

"అడగనిదే అమ్మైనా పెట్టది. అందరికి ఫోన్ జేసి అడుగు" అన్నారు మా ఆయన.

అడిగాను. సంగతి వినగానే అందరూ అయ్యో అన్నారు, కొందరు ఏడ్చారు కూడా. కానీ ప్రార్థన చెయ్యమంటే మాత్రం ఒకటే జవాబు. "మీ ఇంట్లనే ప్రార్థన ఉన్నది అమ్మగారూ, మీకేం ఫికర్?" అని ఒకరు. "మీ మాటనే దేవుడు వినకపోతే మా మాట ఏం వింటడు?" అని ఇంకొకరు. ఒకావిడైతే నా కబురు విని ఓదార్చి, ఓదార్చి, చివర్లో తన కొడుకు ఇంటర్వ్యూ కోసం ప్రార్థన అడిగింది. చేశాను. ఫోన్ పెట్టేసి దాన్ని సోఫా మీదికి విసిరేశాను.

సోమవారం ఆస్పత్రిలో చేరాలి, మంగళవారం ఆపరేషన్. ఆదివారం సాయంత్రం సంఘమంతా మా ఇంటికొచ్చింది. మనుషులు మంచివాళ్లు, అందులో సందేహం లేదు. యాపిల్స్, బత్తాయిలు, హార్లిక్స్ సీసాలు. మంచం మీద, కింద చాపల మీద, గడప మీద కూడా కూర్చున్నారు. బోనాల నెల, గల్లీ చివర డప్పులు మోగుతున్నాయి. ఆ డప్పుల మధ్యే ఒక పాట పాడారు. పాట అయిపోయింది. తలలు వంగాయి. వంగిన తలల్లోంచి కళ్లు లేచి నా వైపు తిరిగాయి.

నా భర్త ఆపరేషన్ కోసం నన్నే ప్రార్థన చెయ్యమంటున్నారు. నాకు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది, ఆ రెంటి కంటే ముందు కోపమొచ్చింది.

"ఇయ్యాల నేను చెయ్య. నాతోని కాదు. మీల ఎవరన్న చెయ్యన్రి" అన్నాను.

వెల్డింగ్ షాపాయన గోడ మీది క్యాలెండర్‌ను మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు. ఒకావిడ పక్కావిడను మోచేత్తో పొడిచింది. "నాకు రాదక్కా", "నాకేడొస్తది", "నువ్వు చెయ్యన్నా, నువ్వు చదువుకున్నోనివి" అని గుసగుసలు. మా ఆయన బనీను సరిచేసుకుని మంచం మీద బుద్ధిగా కూర్చున్నారు, ఇంజెక్షన్ కోసం కూర్చున్నట్టు.

చివరికి వెల్డింగ్ షాపాయనకు ఉపాయం తట్టింది. ఫోన్ తీసి ఇన్‌ఛార్జి అయ్యగారికి కలిపి, స్పీకర్ పెట్టి, మా ఆయన ఒళ్లో పెట్టాడు. అందరి మొహాల్లో ప్రాణం వచ్చింది. అయ్యగారు ఎక్కడో రోడ్డు మీదున్నారు, హారన్లు వినిపిస్తున్నాయి. బండి పక్కకు ఆపి, పాపం, మొదలుపెట్టారు. "మహోన్నతుడవైన తండ్రీ, నీ దాసుని హృదయమును నీ గాయపడిన హస్తముతో ముట్టి..." అంటుండగా ఫోన్ కట్టయింది.

ఎవరూ కళ్లు తెరవలేదు. లైను మళ్లీ వస్తుందని ఎదురుచూస్తున్నారు. నేను మాత్రం తెరిచి చూశాను. గది నిండా మనుషులు కళ్లు మూసుకుని, మాట్లాడని ఒక ఫోను ముందు తలలు వంచుకుని ఉన్నారు. మా ఆయన కూడా. మంచం పక్కన గోడకు జారగిలబడ్డాను. ఇంతేలే అనుకున్నాను. లేచి ఎప్పటిలాగే నేనే ముగించి, చాయ్ పెట్టి, వీళ్లను పంపించి, బట్టలు సర్దుకోవాలి. "మహోన్నతుడవైన" అనడానికి నోరు తెరవబోయాను.

"దేవా."

గడప దగ్గర్నుంచి వచ్చింది ఆ గొంతు. మోకాళ్ల ముసలమ్మ. గోడ పట్టుకుని లేస్తోంది. చాపల మీది వాళ్లను దాటుకుంటూ, ఒకరి భుజం ఒకరి నెత్తి పట్టుకుంటూ మంచం దాకా వచ్చింది. ఒక చెయ్యి మా ఆయన గుండె మీద పెట్టింది. రెండో చెయ్యి నా తల మీద పెట్టింది.

"దేవా, నాకు మాటలు రావు, నీకెరుకే. గీ కొడుకును ఎల్లుండి కోస్తరంట. ఆ డాక్టర్ చెయ్యి వణకనియ్యకు. ఆయన రాత్రి మంచిగ పండుకోని రావాలె, ఇంట్ల లొల్లి వెట్టుకోని రావొద్దు. గీ కొడుకు ఎవ్వరి జోలికి పోడు, ఎనక బెంచీల కూసుంటడు, నువ్వు సూస్తనే ఉంటవ్." కొంచెం ఆగింది. ఆయాసం తీర్చుకుంది. నా తల మీది చెయ్యి బరువైంది. "ఇగ గీ బిడ్డ. అమ్మగారూ అమ్మగారూ అనుకుంట దీన్ని సతాయించినం దేవా. నేనే ఎక్కువ సతాయించిన. బిడ్డ మస్తు అలిసింది. దీనికి భయమైతున్నది. సూడు, వణుకుతున్నది. మా తప్పు దీని మీద ఎయ్యకు, దీన్ని జర పట్టుకో."

అప్పుడు ఏడ్చాను. చర్చిలో ఏడ్చినట్టు కొంగు అడ్డం పెట్టుకుని కాదు, చిన్నపిల్ల ఏడ్చినట్టు పైకే ఏడ్చాను. ఎవరూ ఆపలేదు.

ముసలమ్మ మాటలు అయిపోయాయి. చెయ్యి మాత్రం తియ్యలేదు. ఏమనాలో తెలియక అటూ ఇటూ చూసి, నా చెవి దగ్గర వంగింది.

"ఎట్ల ఆపాలె బిడ్డా?" అని మెల్లగా అడిగింది.

"అప్పుడే ఆపకమ్మా" అన్నాను. "ఇంకొంచెం జెయ్యి."