అంకుల్ రైఫిల్‌ని నేను బాగుచేసిన వైనం

మా షూటింగ్ క్లబ్‌లో కొత్తగా చేరినవాళ్ళ చేతికి ఇచ్చే రైఫిల్ ఒకటుంది. ఇస్తూ ఇస్తూ దాని కథ కూడా చెబుతారు. ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పుడు అది మామూలు సరుకేనట. క్లబ్‌లోనే ఒక ఇంజనీరు దాన్ని విప్పి గురి కుదిర్చాడట. దాని సొంతదారైన పెద్దాయన మాత్రం చూపు తగ్గి, పాపం, వదులుకున్నాడట. ఆ ఇంజనీరుని నేనే. కథ చెబుతున్నప్పుడు పక్కన నిలబడి నవ్విన రోజులున్నాయి. ఆ పెద్దాయన చూపుకు ఏమీ కాలేదు. ఈ ఒక్క వాక్యం చెప్పడానికి నాకు నాలుగేళ్ళు పట్టింది.

ఆయన్ని అంకుల్ అనేవాణ్ణి. తాతల కాలంలో విశాఖ వైపు నుంచి ఓడెక్కి వచ్చి ఈ ద్వీప దేశంలో స్థిరపడిన కుటుంబం వాళ్ళది. ఆయన తెలుగులో ఉత్తరాంధ్ర యాస, తమిళం, మలయ్ కలగలిసి ఉండేవి. నన్ను తంబీ అని పిలిచేవారు. కలిసిన ప్రతిసారీ మొదటి మాట "మకాన్ అయిందా తంబీ?" అనే. తిన్నానన్నా వదిలేవారు కాదు. ఓడరేవులో పెద్ద క్రేన్ నడిపి రిటైరయ్యారు. అంత ఎత్తున గాజు గదిలో కూర్చుని, కింద అగ్గిపెట్టెల్లా కనబడే కంటైనర్లను ఒకదాని మీద ఒకటి దించిన కళ్ళు తనవని చెప్పేవారు. ఇంకే విషయంలోనూ గొప్పలు పోయే మనిషి కాదు. నేను కడప జిల్లా వాణ్ణి. ఇక్కడి ఆంగ్ మో కియో పేటలో లోహపు విడిభాగాలు చేసే ఫ్యాక్టరీలో ఉద్యోగం. క్లబ్‌లో తెలుగు మాట్లాడేవాళ్ళం మేమిద్దరమే.

శనివారాలు మాకు పండగ. కాల్పులు సాధన చేసే రేంజి రేకుల కప్పు మీద వాన, గాలిలో కాలిన మందు వాసన, తుపాకి నూనె వాసన. చాప మీద బోర్లా పడుకుని, ఊపిరి బిగబట్టి, ఒక గుండు పేల్చి, బోల్టు వెనక్కి లాగి, మళ్ళీ ముందుకు తోసి, తీరిగ్గా రెండో గుండు. అయిపోయాక తిండి దుకాణాలన్నీ ఒకచోట ఉండే హాకర్ సెంటర్‌కి పోయేవాళ్ళం. టేబుల్ చోప్ చెయ్యడానికి, అంటే మనదని ఆపి ఉంచుకోవడానికి, అందరూ టిష్యూ ప్యాకెట్ పెడితే, ఆయన తన షూటింగ్ గ్లోవ్ పెట్టేవారు. ఆ గ్లోవ్‌ని చూసి ఆ టేబుల్ దగ్గరకు ఎవరూ వచ్చేవారు కాదు. చేపల పులుసు అన్నంలో కలుపుకుంటూ, ఆ రోజు ఏ గుండు ఎందుకు పక్కకు పోయిందో ఒక్కొక్కటీ గుర్తుచేసుకుని చెప్పేవారు.

రిటైరయ్యాక ముచ్చటపడి కొనుక్కున్న రైఫిల్ అది. మంచి కంపెనీదే. కానీ యాభై మీటర్ల దూరాన ఐదు గుళ్ళు పేలిస్తే అవి నిమ్మకాయంత మేర పరుచుకునేవి. దాన్ని నాణెమంత చెయ్యాలని ఆయన కోరిక. నేను చేసిపెడతానన్నాను. రోజూ వెంట్రుకలో పదో వంతు కొలతల్లో పని చేసేవాణ్ణి, ఇదెంత అనుకున్నాను.

తుపాకి క్లబ్ గడప దాటడానికి వీల్లేదు. అనుమతి తీసుకుని, వెనక గదిలో, రేంజి అధికారి కళ్ళెదుటే విప్పేవాళ్ళం. ట్రిగ్గర్ సంగతి క్లబ్ మెకానిక్ చూసుకున్నాడు. మాకు మిగిలింది ఇనుప భాగాల కింద ఉండే కర్ర. గుండు పేలినప్పుడు బ్యారెల్ గొట్టం వీణ తీగలా కంపిస్తుంది. ప్రతిసారీ ఒకేలా కంపిస్తే గుళ్ళన్నీ ఒకే చోటికి పోతాయి. కింద ఉన్న కర్ర ఎక్కడైనా దాన్ని తాకితే ఆ లెక్క తప్పుతుంది. అందుకని ఇనుప భాగం కూర్చునే చోట ఎపాక్సీ జిగురు పోసి కదలకుండా బిగించాం. బ్యారెల్ కింది గాడిని ఉప్పు కాగితంతో అరగదీసి వెడల్పు చేశాను. నేను రుద్దుతుంటే ఆయన టార్చి పట్టుకుని ఓడరేవు కబుర్లు చెప్పేవారు. ఎపాక్సీ ఆరేదాకా ముట్టుకోకూడదన్నానని ఆ వారమంతా ఫోన్ చేసి "ఆరిందా తంబీ?" అని అడిగారు. తుపాకి క్లబ్‌లో, నేను ఫ్యాక్టరీలో. ఆరింది అంకుల్ అని చెప్పేవాణ్ణి.

చివర్లో ఒక పని మిగిలింది. కొత్తగా అరగదీసిన గాడికి వార్నిష్ వెయ్యాలి. లేకపోతే పచ్చి కర్ర గాలిలోని తేమ పీల్చి ఉబ్బుతుంది. ఈ ఊరి గాలి సంగతి చెప్పక్కర్లేదు. కానీ ఆయన ఆత్రం చూసి, ముందు పేల్చి చూద్దాం, వార్నిష్ వచ్చే వారం వేద్దామన్నాను. ఐదు గుళ్ళూ ఇరవై సెంట్ల నాణెం కింద దాక్కునేంత దగ్గరగా పడ్డాయి. ఆయన ఆ కాగితపు టార్గెట్‌ని వెలుతురుకు పట్టి చాలాసేపు చూశారు. అంత బాగున్నదాన్ని మళ్ళీ విప్పడమెందుకు అనిపించింది. ఆ వచ్చే వారం రానే లేదు.

కొన్ని నెలలు మహా సంతోషంగా గడిచాయి. క్లబ్‌ల మధ్య జరిగే సీనియర్ల పోటీకి ఆయన్ని ఎంపిక చేశారు. ఇంకొంతమంది తమ రైఫిళ్ళు పట్టుకుని నా దగ్గర వరస కట్టారు. ఏడాది చివరి వానలు మొదలయ్యాయి. అంకుల్ గుళ్ళు ఎడమకు జరగడం మొదలుపెట్టాయి.

పోటీకి ముందు శనివారం ఆయన నన్ను పక్కకు పిలిచారు. "కర్రలో ఏటైనా ఉందేటి తంబీ? ఓపాలి ఇప్పి సూద్దామా?"

"తుపాకి రాయిలా ఉందంకుల్, దానికేం కాలేదు" అన్నాను. విప్పలేదు. నా దగ్గర వేరేవాళ్ళ పని పేరుకుపోయి ఉంది. నేను చేసిన పనిలో లోపం ఉంటుందన్న ఆలోచన కూడా నాకు రాలేదు.

పోటీలో అందరికంటే తక్కువ పాయింట్లు ఆయనకే వచ్చాయి. జట్టులో ఒకాయన భుజం తట్టి, "ఏం అంకుల్, కంటైనర్ పక్క ఓడలో దించేశావ్ లా" అన్నాడు, మాట చివర ఇక్కడివాళ్ళు తగిలించే "లా"తో సహా. అంకుల్ కూడా నవ్వారు. ఆ రోజు హాకర్ సెంటర్‌కి రాలేదు. తర్వాతి వారం వచ్చి, కన్ను పోయింది, ఇక ఇది ఎవరికైనా పనికొస్తుందని కాగితాల మీద సంతకాలు చేసి రైఫిల్ క్లబ్‌కి ఇచ్చేశారు.

కొన్నాళ్ళకు దాన్ని శుభ్రం చేస్తూ, బ్యారెల్‌కీ కర్రకీ మధ్య ఒక కాగితం ముక్క దూర్చి చూశాను. ఇదివరకు చివరిదాకా జారిపోయేది. ఇప్పుడు సగంలో ఆగిపోయింది. విప్పితే గాడిలో కుడి పక్క కర్ర ఉబ్బి ఇనుమును ఎడమకు నెట్టింది, రాసుకున్న చోట నల్లటి మచ్చ. ఎవరికీ చెప్పకుండా మళ్ళీ అరగదీశాను, ఈసారి వార్నిష్ వేశాను. రేంజి అధికారి పేల్చి చూస్తే మళ్ళీ నాణెమంతే. "రైఫిల్ బంగారంలా ఉంది, అంకుల్ కన్నే పోయింది, పాపం" అన్నాడు. నోరు తెరవడానికి అంతకంటే మంచి సమయం లేదు. తెరిస్తే వరసలో ఉన్న రైఫిళ్ళ వాళ్ళు ఏమనుకుంటారోనని తల ఊపి ఊరుకున్నాను.

ఈ మధ్య యూనివర్సిటీలో పరిశోధన చేస్తున్న ఒకమ్మాయి క్లబ్‌లో చేరింది. అధికారి అలవాటు ప్రకారం ఆమెకు కథంతా చెప్పాడు. ఆమె విని, అప్పుడు రైఫిల్ ఎవరూ చెక్ చెయ్యలేదా అని మామూలుగా అడిగింది. అతను నన్ను చూపించి, ఈయనే చెక్ చేశారుగా అన్నాడు.

మర్నాడు ఉదయం వుడ్‌ల్యాండ్స్‌లోని అంకుల్ ఇంటికి వెళ్ళాను. ఆంటీ కాఫీ ఇచ్చారు. గ్లాసు పట్టుకుని, వార్నిష్ దగ్గర్నుంచి నల్లమచ్చ దాకా మొత్తం చెప్పాను. ఆయన మధ్యలో ఒక్కసారే అడిగారు, కర్ర ఎటుపక్క ఉబ్బిందని. కుడిపక్కన్నాను. తల ఊపారు.

"డాట్రు దగ్గరికెళ్ళినాను తంబీ. కళ్ళు బాగున్నాయనే సెప్పినాడు. నాను నమ్మలేదు. నీ తుపాకీనే నమ్మినాను."

ఆయన గొంతులో కోపం లేదు. కోపం ఆంటీకి వచ్చింది. ఆ పోటీ తర్వాత ఈయన అల్లుడి కారు ముట్టుకోలేదని, అంతకుముందు వారం వారం తనే నడుపుకుని సరిహద్దు వంతెన దాటి జొహోర్ వెళ్ళి కూరగాయలు తెచ్చే మనిషి, చూపు లేనివాడు ఎవరినైనా గుద్దితే ఎలాగని తాళాలు ఇచ్చేశారని చెప్పారు. "మెట్లు దిగినప్పుడల్లా నా సెయ్యి పట్టుకుంటారు బాబూ. మంచిగున్న కళ్ళెట్టుకుని."

నేను క్షమించమన్నాను. అంకుల్ క్లబ్‌లో చెప్పావా అని అడిగారు. లేదు, ముందు మీకే చెబుదామని వచ్చానన్నాను. "నాకు సెప్పినావు, సరే. ఆళ్ళకీ సెప్పు" అన్నారు.

ఆ శనివారమే అందరి ముందూ చెప్పాను. అధికారి నా వంక చూసి, ఎప్పటి సంగతో, ఇప్పుడెందుకు లా అన్నాడు. ఒకరిద్దరు నవ్వారు. అంకుల్‌ని ఎరిగినవాళ్ళు అక్కడ పెద్దగా మిగల్లేదు. తర్వాతి వారం కొత్త సభ్యుడికి పాత కథే చెప్పడం నా చెవులతో విన్నాను. మధ్యలో ఆపి సరిచేశాను. ఇక ముందు కూడా ఆపుతాను. అయినా అది చాలదనిపించి ఇదంతా రాస్తున్నాను. ఆంటీకి తెలుగు చదవడం వచ్చు. అచ్చయితే ఆయనకు చదివి వినిపిస్తానన్నారు.

అంకుల్ మళ్ళీ క్లబ్‌కి రాలేదు. రమ్మని అడగడానికి నాకు మొహం చెల్లలేదు. మొన్న ఫోన్ చేస్తే ఆంటీ ఎత్తారు. ముందు రోజు కారు తీసుకుని ఇద్దరూ జొహోర్ వెళ్ళొచ్చారట. ఆయనే నడిపారట. వెళ్ళేటప్పుడూ వచ్చేటప్పుడూ దారిలో కనబడిన ప్రతి బోర్డునీ, ఎంత దూరాన ఉన్నా, పైకి చదివి ఆవిడ తల తినేశారట.