మధ్యలో నేను, చేతిలో దువ్వెన

గల్ఫ్‌లోని ఖోర్ ఫక్కాన్ ఊళ్లో నర్సుల క్వార్టర్స్. మా గదిలో మూడు మంచాలు. ఒకటి నాది, కాకినాడ దగ్గర పల్లె నుంచి వచ్చినదాన్ని. మిగతా రెండూ శ్రీలంక అమ్మాయిలవి. ఒకామె జాఫ్నా తమిళమ్మాయి, ఇంకొకామె కాండీ సింహళమ్మాయి. మా మధ్య నడిచేది వచ్చీరాని ఇంగ్లీషు. పొద్దున్నే డ్యూటీకి ముందు నేలమీద కూర్చుని ఒకరి తల ఒకరు దువ్వుకునేవాళ్లం. జాఫ్నా అమ్మాయి తల మాత్రం ఎప్పుడూ కాండీ అమ్మాయే దువ్వాలి. నాది మొరటు చెయ్యట!

ఎనభైల్లో వాళ్ల దేశంలో తమిళులకీ సింహళులకీ మధ్య అంతర్యుద్ధం మొదలైంది. కొలంబోలో జాఫ్నా అమ్మాయి అక్క ఇంటిని సింహళ మూక తగలబెట్టిందని కబురొచ్చింది. మర్నాడు ఆమె గోడకు వీపు ఆనించి కూర్చుని, తన తల తనే దువ్వుకుంది. కాండీ అమ్మాయి దువ్వెన పట్టుకుని కాసేపు నిలబడి, కిటికీలో పెట్టేసింది.

ఇక వాళ్ల మాటలన్నీ నా మీదుగానే. ఫ్యాన్ తగ్గించమని చెప్పు, సబ్బు ఎక్కడ పెట్టిందో అడుగు. చెప్పీ చెప్పీ నాకు విసుగొచ్చింది. పక్క గదులవాళ్లు ఊరుకోకుండా, కాండీ అమ్మాయిని ఇంకో చోటికి మార్చమని వార్డెన్ చెవిన వేశారు. ఆవిడ నన్ను పిలిచి, ఆమె పోతే నీకూ ప్రశాంతమే కదా అంది.

నాకు ఒళ్లు మండింది. "ఆమెను పంపితే నేనూ పెట్టె సర్దుకుంటాను, ఖలాస్, ఇక అంతే" అన్నాను. ఉద్యోగం పోతుందని భయం లేకపోలేదు. అయినా అన్న మాట వెనక్కి తీసుకోలేదు. వారం చూస్తానంది వార్డెన్.

మర్నాడు జుట్టు విరబోసుకుని ఇద్దరి మధ్యా చతికిలబడ్డాను. కోపంలో తెలుగే వచ్చింది. "ఆ ఇల్లు తగలెట్టింది ఇదేనటే? రోజూ నీ తల దువ్విన పిల్ల కాదటే ఇది? దువ్వండి నా తల! లేపోతే ఇలాగే వార్డుకి పోతాను, ఏం జరుగుద్దో జరగనీ!" ఒక్క ముక్కా అర్థమై ఉండదు. నా కేకలు మాత్రం బాగానే అర్థమయ్యాయి.

కాండీ అమ్మాయి కిటికీలోని దువ్వెన తీసుకుని నా వెనక కూర్చుంది. జాఫ్నా అమ్మాయి చివరికి గోడ వదిలి, నా ముందుకు జరిగి, నావైపు వీపు పెట్టి కూర్చుంది. నాకు ఏడుపొచ్చింది. ఆ ఏడుపులోనే నా దువ్వెనతో ఆమె చిక్కులు తీయబోయి గట్టిగా లాగాను.

"నొప్పేమో అడుగు" అంది వెనకనుంచి కాండీ అమ్మాయి.

"నేనడగను. నోరుంది కదా, నువ్వే అడుగు."

అడిగింది. జాఫ్నా అమ్మాయి తల తిప్పకుండానే ఆమెకు జవాబు చెప్పింది.

"నువ్వైతే ఇలా లాగవు."

దువ్వెన వెనక్కి అందించి, మధ్యలోంచి లేచాను.