ఫుజైరా కొండ మీది కుందేటి కొమ్ములు

2021 వేసవిలో నేను షార్జాలోని ఒక పర్యావరణ కన్సల్టెన్సీలో బోటనిస్టుగా పనిచేస్తున్నాను. వినడానికి గొప్పగా ఉంటుంది గానీ, చేసే పని ఇదీ: ఎక్కడైనా క్వారీ పెంచాలంటే, తవ్వకానికి ముందు ఆ కొండ మీద ఏ మొక్కలున్నాయో చూసి రిపోర్టు రాయడం. కొండ ఎలాగూ తవ్వుతారు. పోయేవాటి పేర్లు రాసిపెట్టడం మా వంతు.

ఫుజైరా దగ్గర అలాంటి ఒక క్వారీలో, ఒకే ఒక్క వాలు మీద, బండల సందుల్లో కొన్ని కుదుళ్లు కనిపించాయి. ఆకుల్లేవు. వేలంత లావున నాలుగు పలకల కాండాలు. కారల్లుమా ప్రజాతి అని చూడగానే తెలిసిపోయింది. కానీ ఈ దేశంలో ఉన్నాయని ఇంతవరకు రాసిన జాతుల్లో దేనితోనూ పోలడం లేదు. చెప్పొద్దూ, ఆ ఎండలో కూడా నాకు కాళ్లు నేల మీద నిలవలేదు.

దారి చూపించడానికి క్వారీ వాళ్లు నాతో పంపిన మనిషి మల్లేశం. జగిత్యాల వైపు నుంచి వచ్చి డ్రిల్లింగ్ దగ్గర హెల్పరుగా చేస్తున్నాడు.

“గివి మన కుందేటి కొమ్ములే గద మేడం! మా దిక్కు పచ్చడి నూరుతం” అన్నాడు ముఖం విప్పార్చుకుని.

“వాటికి దాయాదులు మల్లేశం, అవి కావు. కొత్తవైతే వీటికి పేరు పెడతాం. ఎవర్నీ ముట్టుకోనీకు.”

“మీరు చెప్పినంక ఎవడు ముడతడు మేడం!”

విశాఖలో మా మాస్టారు అప్పటికే ఈ ప్రజాతి మీద రివిజన్ చేస్తున్నారు. అంటే, లోకంలో దొరికిన నమూనాలన్నీ పక్కపక్కన పెట్టి, ఏది నిజంగా వేరే జాతి, ఏది ఒకే మొక్కకి రెండు పేర్లు అని మళ్లీ తేల్చడం. ఫొటోలు పంపగానే ఫోన్ చేశారు.

“కొత్తదే అనిపిస్తోందమ్మా. కానీ పువ్వు లేకుండా నేను పేరు పెట్టను. కాండాలన్నీ ఒకేలా ఏడుస్తాయి. పువ్వు నడుమ కరోనా చూడాలి.”

మూడు మిల్లీమీటర్లుండే కిరీటం లాంటి భాగం అది. అసలు తేడా అక్కడే తెలుస్తుంది. ఆ పువ్వును స్పిరిట్‌లో వేసి భద్రపరిస్తే అదే హోలోటైప్, అంటే ఆ పేరుకి సాక్ష్యంగా నిలిచే నమూనా. అది లేకపోతే పేరు లేదు. పేరు లేకపోతే రక్షించాల్సిన మొక్కల జాబితాలోకి ఎక్కదు, దాని కోసం ఏ క్వారీనీ ఆగమనలేం. అది పూసేది చలికాలం మొదట్లో. నేను తెచ్చుకున్న ఒక్క కొమ్మనీ బాల్కనీలో కుండీలో నాటితే, ఆగస్టు ఉక్కకి కుళ్లిపోయింది.

మా మేనేజరు ప్రసాద్ గారు విజయవాడ మనిషి. మాట ఎంత తియ్యగా ఉంటుందో! “డిసెంబరు దాకా ఆ వాలు జోలికి రారమ్మా, నాదీ పూచీ” అన్నారు. నమ్మాను.

నవంబరులో పూత వచ్చిందేమో చూద్దామని స్పిరిట్ సీసాలు పట్టుకుని వెళ్లాను. వాలు లేదు. కొండ చెక్కేసిన చోట తెల్లటి దుమ్ము తప్ప ఇంకేమీ లేదు.

నన్ను చూసి మల్లేశం క్యాంపు నుంచి పరుగెత్తుకుంటూ వచ్చాడు. చేతిలో స్టీలు డబ్బా.

“మొన్న కొండ తవ్వే షావల్ మిషిన్ వచ్చింది మేడం. యల్లా యల్లా, జల్ది కానియ్యున్రి అని ఫోర్‌మన్ మీదవడ్డడు. మట్టిల కలుస్తయని అన్నీ తెంపుకచ్చిన. మీకు ఫోన్ కొడదమంటే బ్లాస్టింగ్ కాడ ఫోన్ బంద్. మా రూమోళ్లు పచ్చడి చేసిన్రు. మీకోసమని తీసి పెట్టిన.”

“పూలున్నాయా మల్లేశం?”

“ఉండె మేడం, మస్తు పూసినయ్. గబ్బు వాసనొస్తున్నయని పచ్చట్ల వెయ్యలే. గిల్లి పారేసినం.”

ఈ మొక్కల పూలు ఈగల్ని పిలవడానికి కుళ్లిన మాంసం వాసన వేస్తాయి. క్యాంపు వంటింటి వెనక్కి పరుగెత్తి చెత్త డ్రమ్ములన్నీ తిరగేశాను. చెత్త బండి వచ్చి వెళ్లిపోయిందట. మల్లేశం ఏం జరిగిందో అర్థం కాక డబ్బా పట్టుకుని అలాగే నిలబడ్డాడు. అతని మీద అరవడానికి నాకు నోరు రాలేదు. ఇంత పచ్చడి నోట్లో వేసుకుని “బాగుంది మల్లేశం” అన్నాను. పాపం, ఎంత సంతోషపడ్డాడో.

ఆ కోపమంతా షార్జాకి మోసుకొచ్చాను.

“తేదీ మారిందని ఒక్క మాట చెబితే ముందురోజే వెళ్లేదాన్ని కదండీ!” అన్నాను ప్రసాద్ గారితో.

“చెబితే మీరు ఊరుకుంటారా? క్లయింటుతో గొడవ పెట్టుకుంటారు. పేరైనా లేని మొక్క కోసం నన్నేం చెయ్యమంటారమ్మా?”

తెలిసే దాచాడు మహానుభావుడు. ఆ చుట్టుపక్కల గుట్టలన్నీ రెండు చలికాలాలు గాలించాను. ఒక్క కుదురు దొరికితే ఒట్టు. మాస్టారి రివిజన్ అచ్చయింది. చివర్లో, సందేహాస్పదమైన వాటి కింద ఒక వాక్యం: ఫుజైరా నుంచి పువ్వు లేని మొక్క ఫొటోలు మాత్రమే, నిర్ధారణ సాధ్యం కాదు. కృతజ్ఞతల్లో నా పేరుందని ప్రసాద్ గారు ఆఫీసులో కేకు కోయించారు. నేను ముట్టుకోలేదు.

ఆ తర్వాత కొన్నాళ్లకి, అబుదాబి దగ్గర మఫ్రఖ్‌లో వేరే పనిలో కుదురుకున్న మల్లేశం ఫోన్ చేశాడు. కబుర్లన్నీ అయ్యాక అడిగాడు:

“మేడం, ఆ చెట్టుకు ఏం పేరు వెట్టిన్రు?”

“పెట్టలేదు మల్లేశం.”

“అయ్యో, కొత్తది గాదా మరి?”

“కొత్తదే” అన్నాను. ఎందుకు పెట్టలేదో మాత్రం చెప్పలేదు. మనకి తెలియడం వేరు, లోకానికి రుజువు చూపించడం వేరు. మేం రుజువు వెతుక్కునే లోపు కొండే ఉండదు. ఇన్నేళ్ల ఉద్యోగంలో నేను నేర్చుకున్నదల్లా ఇదే.