ఊట పక్కన లేపిన గోడ

బంకరు జాగా మార్చింది నేనే. ఊళ్లో అడిగినవాళ్లందరికీ భూకంపం గురించి చెప్పాను. ఈ మాట మాత్రం దాచాను.

తెలంగాణ వచ్చాక రెండో చలికాలం. అక్టోబరులో మా ఆర్మీ సెక్షన్ ఒక హిమాలయ లోయకు చేరింది. ఎటు చూసినా మడతలు పడ్డ కొండలు. మధ్యాహ్నం దాటితే గాలి కోసేది. భూకంపాల ముప్పు అంచనా వేయడానికి వచ్చిన శాస్త్రవేత్తలకు మేం కాపలా. వాళ్లు కొండ అడుగున కందకం తవ్వించి, మట్టి పొరలు ఎక్కడ తెగాయో చూసేవారు. నేను హవల్దారును. బంకరు కట్టించే పని నాది.

వాళ్ల పెద్ద మేడమ్ ఊటల వరుస చూపించింది. "ఇవన్నీ ఒకే గీత మీద ఉన్నాయి. కింద నేల చీలి ఉంది, ఇంకా కదులుతోంది. గోడలు దూరంగా, ఆ గట్టి రాతి మీద కట్టించండి."

సరేనన్నాను.

మాది అచ్చంపేట పక్క పల్లె. బోరు వేస్తే దుమ్ము లేచే నేల. పారే నీళ్లను వదిలి దూరం పోవడం నా వల్ల కాలేదు. మేడమ్ పై కందకానికి వెళ్లిన వారమే ఊట పక్కనే బంకరుకు రాళ్ల గోడ లేపించాను.

మా రేడియో ఆపరేటర్‌ది షాద్‌నగర్. "ఏందన్నా, నీళ్లు కనవడితే అత్తగారిల్లు దొరికినట్టు జేస్తవు! మేడమ్ వద్దన్నది గదా?"

"మంచుల నీళ్ల డబ్బాలు మోసేది ఆమెనా? ఫికర్ జెయ్యకు, కట్టు."

జనవరిలో ఒక పొద్దున పహరా దిగి వస్తున్నాను. రేడియో సెట్లో ఆపరేటర్ గొంతు: "అన్నా, ఊట కింద డబ్బా వెట్టిన. నీకు చాయ్ గూడ పెడ్తున్న. జల్ది రా."

నేల విదిలించినట్టు కదిలింది. ఊట వెంబడి జానెడు చీలిక తెరుచుకుంది. గట్టి రాతి మీది సామాన్ల గది నిలిచింది. మా బంకరు గోడ లోపలికి, అతని మీద కూలింది. చేతులతో రాళ్లు తీశాం. అతను లేచి రాలేదు.

రిటైరై వచ్చిన నెలలోనే షాద్‌నగర్ వెళ్లి అతని భార్యకు చెప్పాను. "జాగా నేను మార్చిన చెల్లె. నీ పెనిమిటి అప్పుడే అడిగిండు, నేనే ఇనలే."

ఆమె మంచం మీద కూర్చున్న పిల్లను చూపించింది. "భూదేవి మింగిందని బిడ్డకు చెప్పిన అన్నా. గప్పటి సంది అది నేల మీద పండుకోదు. నువ్వే చెప్పు దానికి."

పిల్ల ముందు కింద కూర్చున్నాను. "భూమి తప్పు గాదు బిడ్డా. నాది." మొత్తం చెప్పాను.

"మరి బాపు చాయ్ తాగిండా?"

"తాగలే బిడ్డా."

పిల్ల మంచం దిగి నా ఎదురుగా నేల మీద కూర్చుంది. నాకు ఆ పొద్దున రాళ్లు తీస్తూ చూసిన డబ్బానే కళ్ల ముందు కనబడింది. ఊట ఆగిపోయింది. డబ్బా సగమే నిండింది. అందులో నీళ్లు ఇంకా వణుకుతున్నాయి.