తొమ్మిది కూడిన సబ్‌నెట్లు

కరోనా తగ్గి ఆఫీసులు మళ్లీ తెరిచిన ఏడాది, హైటెక్ సిటీలోని ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో నేను ప్రిన్సిపల్ నెట్‌వర్క్ ఆర్కిటెక్టుని. రిటైర్మెంటుకు ముందు నాకు అప్పగించిన ఆఖరి పని, కొత్త భవనంలో ప్రతి కంప్యూటరుకూ నెట్‌వర్క్‌లో ఉండే నంబరుకి, అంటే ఐపీవీ6 అడ్రసులకి, ప్లాను వేయడం.

పాత ఐపీవీ4లో అడ్రసులకు కటకట. కొత్తదాంట్లో ఒక్క కంపెనీకే వేలకొద్దీ సబ్‌నెట్లు వస్తాయి. సబ్‌నెట్ అంటే నెట్‌వర్క్‌లో ఒక పేట అనుకోండి. పేట నంబరులో మొదటి అంకె భవనం, రెండోది అంతస్తు, మిగతావి విభాగం. అలా వరుసగా ఉంటే, రాకపోకలకు కాపలా కాసే ఫైర్‌వాల్‌లో ఒక్క రూలుతో అంతస్తు మొత్తాన్ని మూసేయొచ్చు.

మా డెలివరీ హెడ్ ఓబుల్‌రెడ్డి గారు కారు నంబరు కూడితే తొమ్మిది రావాలని ఆర్టీఏ వేలంలో పోటీపడే మనిషి. "ఇన్ని వేలుండాయి కదా సార్, తలా ఒక మంచి నంబరిస్తే మన సొమ్మేం పోతుంది?" అన్నారు. ఆ మాట పొక్కగానే మేనేజర్లందరూ తమ టీముకు తొమ్మిదే కావాలన్నారు. న్యూమరాలజిస్టు వచ్చాడు. ఈ అడ్రసుల్లో ఏ నుంచి ఎఫ్ వరకు అక్షరాలు కూడా అంకెలేనని చెబితే, కాసేపు ఆలోచించి, అక్షరాలు ఈ కంపెనీ జాతకానికి పడవని తేల్చాడు. నా అభ్యంతరం మీటింగు మినిట్స్‌లో రాసుకుని, న్యూమరాలజిస్టు ఇచ్చిన నంబర్లే అమలు చేశారు.

ఏడో అంతస్తు ఒక విదేశీ బ్యాంకు ప్రాజెక్టుది. దాన్ని మిగతా భవనం నుంచి వేరు చేసి చూపిస్తేనే ప్రాజెక్టు నిలుస్తుంది. బ్యాంకు ఆడిటర్ పరీక్షిస్తే క్యాంటీన్ వైఫై నుంచి ఆ అంతస్తు సర్వర్ తెరుచుకుంది. అదృష్ట సంఖ్యలు తలో దిక్కున ఉండటంతో, రూళ్లు రాసేటప్పుడు ఒక పేట తప్పిపోయింది. సరిచేస్తే మళ్లీ వస్తానని ఆయన వెళ్లిపోయాడు. ప్రాజెక్ట్ లీడ్ స్వరూప నా దగ్గరికి వచ్చింది. "సార్, ఇది పోతే మా టీమంత బెంచి మీదికే. ఇగ ఉద్యోగాలు ఉంటయో పోతయో. జర ఏమన్న చెయ్యుండ్రి," అన్నది. ఆ నంబర్ల పిచ్చి మీద నాకు ఒళ్లు మండిపోయింది.

కానీ వాదిస్తే మళ్లీ మినిట్సే. అందుకని ఓబుల్‌రెడ్డి గారితో, అడ్రసులో ముందు సగం పేటది, వెనక సగం కంప్యూటరుది, అదృష్టం మనిషిని అంటిపెట్టుకునేది వెనక సగంలోనే అన్నాను. న్యూమరాలజిస్టు వెంటనే ఒప్పుకున్నాడు, రెండో విడత సంప్రదింపు ఆయనకూ నష్టం కాదు. ముందు సగం నా ప్లాను ప్రకారం మార్చి, వెనక సగంలో పెద్దల లాప్‌టాప్‌లకు వరసగా తొమ్మిదులు పెట్టాను. ఆడిటర్ ఒక్క రూలు చూసి సంతకం చేశాడు. స్వరూప టీము ఏడో అంతస్తులోనే మిగిలింది. అభినందన మెయిల్‌లో న్యూమరాలజిస్టు పేరు ఉంది. నేను సీసీలో ఉన్నాను.

ఆ పని నాకు నేర్పింది ఇంతే. అడ్రసులు కొరతగా ఉన్నప్పుడు జనం పొదుపు చూస్తారు, దండిగా ఉన్నప్పుడు హోదా చూస్తారు. ప్లాను వేసేవాడు పెద్దవాళ్ల ముచ్చటకు ముందే ఒక మూల కేటాయించాలి. లేకపోతే వాళ్లు నడిదారిలో కుర్చీ వేసుకుంటారు.